మువ్వల సద్దు

1962 జూలై, గురువారం రాత్రి.

ఆయనకు సూళ్లూరుపేట బదిలీ ఖాయమైంది. ఇవాళ సుగుణను వెంటబెట్టుకుని అక్కడ రెండు ఇళ్లు చూసి వచ్చాను. తొమ్మిదేళ్లు నిండినా దానిది ఇంకా మూడేళ్ల బుద్ధే. తలుపు తెరిచి ఉంటే ఎవరింట్లోకైనా వెళ్లి కూర్చుంటుంది.

బజారువీధి ఇల్లు బాగుంది. పెరట్లో బావికి గట్టి మూత కూడా ఉంది. ఇంటావిడ సుగుణను కాసేపు చూసి, "పిల్లని లోపలే ఉంచుకుంటారు గదా?" అంది. తల ఊపాను. ఎందుకు ఊపానో.

రెండోది కాళంగి గట్టున, జాలర్ల ఇళ్ల పక్కన. సుగుణ తిన్నగా పక్కింట్లోకి పోయి కూర్చుంటే, ఆ ఇంటి పోలమ్మ ఏమీ అడక్కుండా అన్నం పెట్టింది. కానీ వాకిట్లో నిలబడితే ఎదురుగా ఏరే. నా భయం ఆమెకు చెప్పాను.

"కాలికి మువ్వలు కట్టమ్మా. ఈత వచ్చిందాకా మా బిడ్డలకి కడతాము. సద్దు విన్నోళ్లు ఎవురైనా పోయి పట్టుకుంటారు," అంది.

వచ్చేటప్పుడు మువ్వలు కొన్నాను. ఇందాక కట్టి పడుకోబెట్టాను. ఏ ఇల్లో పొద్దున్నే ఆయనకు చెప్పాలి. సుగుణ నిద్రలో కాళ్లు ఆడిస్తోంది. మోగినప్పుడల్లా ఉలిక్కిపడి చూస్తున్నాను.

దాని పక్కనే పడుకున్న ఆయన ఆ సద్దుకు ఒక్కసారి కూడా లేవలేదు.