ఊదుగొట్టం సంగతి

తమ్ముడు వీరాచారికి, ఇక్కడ అందరం లేచి తిరుగుతూనే ఉన్నాం, కంగారు పడకు. మీ బావ దగ్గుకు స్కాన్ తీయించాం. ఆసుపత్రిలో పరిశోధన చేసే ఒక అమ్మాయి దాన్నిబట్టి ఆయన ఊపిరితిత్తులను కంప్యూటర్‌లో తయారుచేసి, కంసాలి కుంపటి పొగ ఎక్కడ పేరుకుంటుందో ఎర్ర చుక్కలతో చూపింది. చుక్కలు కొన్నే ఉన్నాయి. "ఫికర్ లేదమ్మా" అంది.

నేను ఊరుకోలేక, "బిడ్డా, ఆయన మనలెక్క పీల్చడు. నగకు అతుకు పెట్టేటప్పుడు మంట మీదికి వంగి, గుండెనిండ పీల్చి గొట్టంల ఊదుతడు" అన్నాను. ఆమె ఆ లెక్క వేసేసరికి చుక్కలు అట్టడుగుదాకా నిండిపోయాయి. అక్కడ దిగింది మళ్లీ బయటికి రాదట.

"నువ్వు నోరు మూస్కుంటే నా ఊపిరి మంచిగనే ఉండె గదనే!" అని మీ బావ నవ్వాడు. మర్నాడు అదే గొట్టంతో పత్తర్‌గట్టి దుకాణానికి పోయాడు.

నువ్వు వాడకుండా పక్కన పెట్టిన, కాలితో తొక్కి మంటకు గాలి కొట్టే తిత్తిని పంపించు. మరదలి మోకాలినొప్పి తగ్గిందా? పిల్లలకు మా దీవెనలు. జవాబు కార్డు మీద రాయకు, ఆయన చదువుతాడు. తిత్తి నీ అంతట నువ్వే పంపినట్టుండాలి. నేనడిగానని తెలిస్తే ముట్టడు.

మీ అక్క,
అనసూయ