ఇప్పచెట్ల దారి

మంగళవారం, దమ్మపేట

రేపు మధ్యాహ్నంలోగా ఫొటో పంపాలి. మూడు రోజుల్లో జానెడు బొంత కుట్టే ఆన్‌లైన్ పోటీ, అంశం ‘దారి’. ఆకుపచ్చ గుడ్డ మీద స్కేలు పెట్టి గీసి, అడవి దారిని మిషన్ మీద తిన్నగా కుట్టేశాను.

జాకెట్టు కుట్టించుకోవడానికి పక్క గూడెం నుంచి వచ్చిన లచ్చమ్మ అది చూసి నవ్వింది. “ఏంది బిడ్డా, దారి గింత సక్కగుంటదా? ఇప్పపువ్వు ఏరబోతే చెట్టుచెట్టుకూ ఆగుకుంట పోతం.”

నా పెట్టెలోంచి సూదీ దారం తీసుకుని అదే గుడ్డ మీద కుట్టడం మొదలుపెట్టింది. గీత లేదు, కొలత లేదు. దారం మెలికలు తిరుగుతూ పోయింది, ఆగిన చోటల్లా ఒక ముడి. “ఇది మా అమ్మ చెట్టు. ఇది మా అత్త చెట్టు.” అడవంతా ఆమె వేళ్లలోనే ఉంది.

ఒకచోట మాత్రం దారం వంపు తిరిగింది గానీ ముడి పడలేదు. ఎందుకని అడిగాను.

“అది నా చెట్టు. కొట్టేసిండ్రు. అయినా ఆడికొస్తే కాళ్లు సుట్టు తిరిగే పోతయ్.”

ఆమె వెళ్లాక నా తిన్నని కుట్టంతా విప్పేశాను. ఫారంలో పేరుకి గడి ఒక్కటే ఉంది. ఎవరి పేరు రాయాలో...

ఇందాకటి నుంచి ఆ దారి మీద వేలితో నడుస్తున్నాను. లేని చెట్టు దగ్గరికి రాగానే నా వేలూ చుట్టు తిరిగే పోతోంది.