దెబ్బకు తిరిగే మోటారు

నాన్నగారికి నమస్కారం. పడవలోకి నీళ్లొచ్చాయని విని అమ్మ కంగారు పడుతోందని అక్క రాసింది. నిజమే గానీ, చీలమండ దాటలేదు. నీళ్లు తోడే మోటారు మొరాయించింది. అది మొరాయించినప్పుడల్లా పడవ నడిపే సరంగు స్విచ్చుల పెట్టెను ఒక్కటి చరిచేవాడు. "దెబ్బకు దెయ్యమైనా దిగొస్తుంది" అనేవాడు. అదీ తిరిగేది. ఈసారి చరిచి చరిచి ఆయన అరచెయ్యి వాచిందే తప్ప మోటారు కదల్లేదు. బకెట్లతో తోడుకుంటూ ఒడ్డు చేరాం.

పెట్టె విప్పితే ఏముంది, ఉప్పుగాలికి వైరు కొసలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కరెంటు ఆపి, కొసలు తళతళలాడేదాకా బ్రష్షుతో గీకి, గట్టిగా బిగించి, మళ్లీ తడి తగలకుండా పైన గ్రీజు పూశాను. ఇప్పుడు మీట నొక్కగానే తిరుగుతోంది. అలవాటుకొద్దీ చెయ్యెత్తిన సరంగు ఆ చేత్తోనే తల గోక్కున్నాడు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇటు వచ్చేవాళ్లుంటే నా పాత దుప్పటి పంపండి.

చిన్నోడు లెక్కల్లో తప్పాడని వీపు విమానం మోత మోగించారట. ఈసారి చెయ్యి లేచినప్పుడు మా సరంగును తలుచుకోండి నాన్నా. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ తడబడుతున్నాడో అడగండి.

అందరికీ నా నమస్కారాలు, వాడి వీపుకు మాత్రం కాస్త నూనె.

మీ పెద్దాడు