ఆరింటికి రెండు దెబ్బలు

ఫిబ్రవరి 4

బావ పోయి యాభై రోజులు. ఆయన ఆఖరుసారి తెచ్చిన లైవ్ రాక్ ఆక్వేరియంలో ఎడమ మూలన ఉంది. సముద్రంలోంచి తీసిన రాయి. కొనేది రాయి, ఇంటికొచ్చేది ఒక ఊరు. ప్రతి కంతలోనూ ఎవరో ఒకరు కాపురముంటారు. నేను కాలేజీలో జువాలజీ చెబుతాను కాబట్టి, వాళ్లెవరో కనిపెట్టే పని అక్క నాకు అప్పగించింది. ఇప్పటికి పదకొండు ప్రాణులు తేలాయి. తొమ్మిదింటికి పేర్లు రాశాను. మిగతా రెండింటి ఎదుట “బహుశా” అని రాశాను.

అక్క నోట్‌బుక్ తిరగేసి, ఏమ్మా బహుశమ్మా, పెళ్లి చేసుకుంటావా అంటే కూడా ఈ మాటే అని మమ్మల్ని చంపావు కదే, అంది. నవ్వింది కూడా. యాభై రోజుల్లో మొదటిసారి.

ఫిబ్రవరి 6, సాయంత్రం 6.10

ఆక్వేరియం లైటు ఆరింటికి తెలుపు నుంచి నీలానికి మారుతుంది. బావ పెట్టిన టైమర్. అప్పుడే ఆయన ఉంగరంతో అద్దం మీద రెండుసార్లు కొట్టి చేపలకు మేత వేసేవారు. ఇవాళ నీలం వెలుగు రాగానే టక్, టక్. అద్దం లోపలి నుంచి.

అక్క వంటింట్లోంచి, ఆఁ వస్తున్నా, అని పలికింది. గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఫిబ్రవరి 7

మళ్లీ. రెండే.

ఫిబ్రవరి 9

అక్క మళ్లీ అన్నం తింటోంది. ఆరయ్యేసరికి తల దువ్వుకుని, ఆక్వేరియం ముందు కుర్చీ వేసుకుంటోంది. ఆయనే, అంది. కాదు, పిస్టల్ రొయ్య అన్నాను. పెద్ద గోరుతో చిటికె వేస్తుంది, ఎవరి జోలికీ పోదు. కళ్లతో చూశావా అని అడిగింది. లేదు, చప్పుడును బట్టి చెబుతున్నా అన్నాను. చప్పుడును బట్టే నేనూ చెబుతున్నా, నీ శాస్త్రానికీ నా పిచ్చికీ తేడా ఏముందే, అంది.

నోట్‌బుక్‌లో పన్నెండో నంబరు వేసి “పిస్టల్ రొయ్య” అని రాశాను. బహుశా అని రాయలేదు. ఆమె మాటకు రోషం వచ్చి రాసిన రాత అది.

ఫిబ్రవరి 15

రెండు నారింజ చేపల్లో పెద్దది లేదు. మూత వేసే ఉంది. నేలంతా వెతికాను. లేదు. బావ తెచ్చిన రాయి ముందు మాత్రం నత్త గుల్లల ముక్కలు, ఎవరో ఇల్లు ఊడ్చి గుమ్మం అవతల పోసినట్టు.

పన్నెండేళ్ల జత అది. బావ తెచ్చిన మొదటి చేపలు. చిన్నదాన్నయినా దక్కించవే, అని అక్క నా చెయ్యి పట్టుకుంది.

ఆక్వేరియం పెంచేవాళ్ల ఆన్‌లైన్ ఫోరమ్‌లో రాయి ఫోటోలు పెట్టాను. అక్కడ ఉప్పుతాత అనే పేరుతో రాసే ఆయన ఒకరున్నారు. నలభై ఏళ్లుగా ఉప్పునీటి చేపలు పెంచుతున్నారు. గంటలో జవాబిచ్చారు. గుండ్రటి కంత, గుమ్మంలో గుల్లల కుప్ప, ఇది పిస్టల్ కాదమ్మా, మాంటిస్ రొయ్య, గుద్ది చంపుతుంది, రెండో చేపకు రోజులు దగ్గరపడ్డాయి, అన్నారు.

ఆ చేపను నేనే చంపాను. “బహుశా” అన్న ఒక్క మాట రాయకుండా.

ఫిబ్రవరి 16

అక్కకు చెప్పాను. చేప బతకాలి, ఆ చప్పుడూ ఉండాలి, అంది. రెండూ కుదరవక్కా అన్నాను. ఇప్పుడు బహుశా అనవేం, అని అడిగింది.

ఫిబ్రవరి 18

పొద్దున్నే వచ్చి, తీసెయ్, అంది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

రాయిని బకెట్ మీద పట్టుకుని, లోపలిది ఊపిరాడక బయటికి వచ్చేలా సిరంజితో కంతలోకి సోడా కొట్టాను. రెండో సిరంజికి బయటపడింది. నా చూపుడువేలంత. ముదురాకుపచ్చ. కాడల చివర కళ్లు. ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి, రెండూ వచ్చి నా మీద ఆగాయి. గాజు పగలగొడుతుందని ప్లాస్టిక్ డబ్బాలో వేసి కాలేజీ లాబ్‌కు తీసుకెళ్లాను. ఆ రాయి ఇక లోపలికి వద్దంది అక్క. బాల్కనీలో ఎండుతోంది.

ఆరింటికి నీలం లైటు వచ్చింది. లైటు ఒక్కటే.

ఫిబ్రవరి 22

అక్క అన్నం కెలికి లేచిపోతోంది. రోజంతా బావ చొక్కాలోనే ఉంటోంది. ఆకలి లేదే, అంటుంది.

సాయంత్రం లాబ్‌లో ఆగాను. ఆరింటికి లైటు తీసేసి డబ్బాకు చెవి ఆనించాను. అది కొట్టలేదు. లాబ్ అటెండర్ తలుపు దగ్గర నిలబడి, ఏం వినపడుతోంది మేడమ్, అన్నాడు.

ఫిబ్రవరి 23

బీరువాలో బావ ఉంగరం దొరికింది. పదిహేడేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను, చూడనిది రాయొద్దు, లేనిది చూపించొద్దు అని. ఆరింటికి, అక్క వంటింట్లో ఉండగా, అద్దం మీద రెండుసార్లు కొట్టాను.

ఆఁ వస్తున్నా, అంది.

రెండుసార్లు వడ్డించుకుంది.

ఫిబ్రవరి 26

రోజూ కొడుతున్నాను. చిన్న చేప ఉంగరం దగ్గరకు వస్తోంది. ఇవాళ అక్క నా వైపు చూడకుండా, రెండో దెబ్బ మెల్లగా పడిందేం, అంది. ఆమెకు తెలుసా? బహుశా.

ఫిబ్రవరి 27

మాంటిస్ పొద్దున చచ్చిపోయిందట. అటెండర్ ఫోన్ చేశాడు. రాయిని తాకి చూశాను. ఎండి తెల్లబడింది. ఉప్పు రాలింది.

ఫిబ్రవరి 28, సాయంత్రం 6.05

ఉంగరంతో రెండే కొట్టాను. మూడు వినబడ్డాయి. మూడోది అద్దం లోపలి నుంచి.

ఇవాళ అంత తొందరేమిటండీ, వస్తున్నా, అంది అక్క.

నోట్‌బుక్‌లో పదమూడు అని వేశాను. ఎదుట ఏమీ రాయలేదు.