నూనె రాసిన రిమ్ము

ఏలూరు

పూజ్యులైన అన్నయ్యగారి పాదాలకు తమ్ముడు సూరయ్య దండం పెట్టి రాసేది. నాకు ఒంట్లో బాగానే ఉంది. మీ మోకాలి నొప్పి తగ్గిందా? వదినగారు, పిల్లలు కులాసా అని తలుస్తాను.

మీ జాబు అందింది. ఈ వయసులో సైకిలేమిటి, ఆ పని వదిలేసి నీళ్ల మధ్య మన లంక ఊరికి వచ్చెయ్యమన్నారు. వదలను, అన్నయ్యగారూ. కోపం తెచ్చుకోకండి.

పడ్డ మాట నిజమే. డాక్టరుగారి మందులు పల్లెలకి చేర్చే సైకిలు కదా, తుప్పు పట్టకూడదని దోనెకి రాసినట్టు రిమ్ములకి చేపనూనె రాశాను. వంతెన దిగేటప్పుడు బ్రేకు ఎంత నొక్కినా పట్టలేదు. తిన్నగా గడ్డిబండిలోకి పోయాను. సీసాలు పగిలాయి. డాక్టరుగారు తిట్టలేదు. "నువ్వింక ఆస్పత్రి గేటు దగ్గర కూర్చో, సూరయ్యా" అన్నారు. తిట్టినా బాగుండేది.

సైకిలు షాపు అతను రిమ్ము ముట్టుకుని ఒకటే నవ్వు. "ఏవండీ తాతగారూ, కొర్రమీనుకి నూనె రాసి పట్టుకోమంటే ఎవరు పట్టుకుంటారండీ?"

కొర్రమీనుని మనం బూడిదతో పట్టమూ? పొయ్యిలో బూడిద తెచ్చి రిమ్ములు కిర్రుమనేదాకా తోమాను. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించాను. "తీగ బ్రేకు పెట్టించుకోండి, కొత్త రకమండీ" అన్నాడతను. మన నీళ్లకి గొట్టం లోపల తీగకి తుప్పు పడితే కంటికి కనపడదు. "ఉన్న కడ్డీ బ్రేకే ఉంచు బాబూ" అన్నాను. రబ్బర్లు రిమ్ముకి అంటేలా బిగించి ఇచ్చాడు. ఊళ్లో బాగానే ఉంది. నల్లమట్టి గట్టెక్కేసరికి రబ్బరుకీ రిమ్ముకీ మధ్య బురద ఇరుక్కుని చక్రం కదిలితే ఒట్టు. నేనే మర వదులు చేసి, రెండు వైపులా గోరు దూరేంత సందు పెట్టాను.

"ఒక్క వారం చూడండి. సీసా పగిలితే గేటు దగ్గరే కూర్చుంటానండీ" అన్నాను డాక్టరుగారితో. అంత మాట నా నోట ఎలా వచ్చిందో. వారం అయింది. ఒక్క సీసా పగల్లేదు. గేటు దగ్గర ముక్కాలిపీట ఖాళీగానే ఉంది.

ఇక్కడ తిండికి లోటు లేదు. పడుకుంటే నీళ్ల చప్పుడు వినపడదు, అదొక్కటే. వదినగారిని కాసిని ఎండురొయ్యలు ఉంచమనండి. పెద్దలందరికీ నా దండాలు చెప్పండి. నన్ను దీవించండి.

మన గట్టు నీళ్లలోంచి తేలిందట, ఇంకా బురదేనట. ఉండనివ్వండి. అమావాస్యకి సైకిలు మీదే వస్తున్నాను. రేవుకి దోనె పంపకండి. మీరు గట్టు మీద నిలబడండి. మీరు చెయ్యెత్తిన చోట ఆపుతాను.

ఇట్లు,
మీ మాట వినని తమ్ముడు
సూరయ్య