మన సుజాత కాలు

మావా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మొన్న నెల్లూరు ఆసుపత్రిలో మన బిడ్డ సుజాతకు కాలి ఎముకలో క్యాన్సరని, కాలు తీసేయాలని తేల్చారు. డాక్టరు నన్నూ మీ అన్ననూ పక్కకు పిలిచి, "పిల్లకి చెప్పొద్దమ్మా, మత్తులోంచి లేచినాక తెలుస్తుందిలే," అన్నాడు. మీ అన్న తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వైతే దాన్నడక్కుండా పట్టీలు కూడా కొనేవాడివి కాదు.

"లేచి కాలు ఏదని తడుముకోవాల్నా సార్? కాలు దానిది!" అని అరిచి, సుజాతను లోపలికి పిలిచాను.

అంతా విని, "తీసేస్తే బతుకుతానా సార్?" అని అడిగింది.

ఆయన అప్పుడు దాని ముఖంలోకి చూశాడు. "బతికే అవకాశం ఎక్కువమ్మా."

"అయితే తీయండి. ముందు ఒకసారి అలల్లో నిలబడొస్తా."

దాన్ని అడగడానికి వాళ్లకేం అడ్డమొచ్చింది మావా?

ఈ సాయంత్రం సముద్రానికి తీసుకెళ్లాను. మోకాళ్లదాకా దిగి, నా చెయ్యి వదిలేయమంది. వదిలాను.