షుగరుందని రాసే రా, అక్కా

అక్కా,

ప్రభువు పేరున నీకూ బావగారికీ వందనాలు. నీ కాళ్ల నొప్పులు తగ్గాయా? బావగారి దగ్గు ఎలా ఉంది? ఇక్కడ మేం బాగానే ఉన్నాం, బెంగపడకు. లీడ్స్‌లోనే కాదు, ఇంగ్లండంతా ఎండాకాలం వచ్చిందంటున్నారు గానీ నేనింకా స్వెట్టర్ విప్పలేదు. కడుపులోవాడు మాత్రం తెగ తన్నుతున్నాడు. ఎక్కువసేపు నిలబడలేకపోతున్నానంటే ఆస్పత్రిలో మా వార్డ్ సిస్టర్ నా డ్యూటీలు మార్చి కూర్చునే పనులిచ్చింది. గోంగూర పచ్చడి లేకుండా నా గుమ్మం తొక్కావో, చూడు మరి!

ఇక అసలు సంగతి. నా కాన్పుకొచ్చే నీ ప్రయాణపు ఇన్సూరెన్స్ ఫారంలో షుగర్ ఉందా అన్నచోట లేదని పెట్టమన్నాడటగా ఏజెంటు. ఫోన్లో నువ్వు చెప్పగానే ఒళ్లు మండిపోయింది. "ఉందని రాస్తే రేటు పెరిగిపోద్దమ్మా, అక్కడెవడు చూస్తాడు?" అన్నాడా? చూసేవాళ్లలో నీ చెల్లెలు కూడా ఉందని చెప్పు వాడికి.

మేం వచ్చిన కొత్తలో వేరు. చుట్టపుచూపుగా వచ్చిన పెద్దవాళ్లని ఆస్పత్రిలో పెద్దగా ఏమీ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు రూలు మార్చారు. ప్రాణం మీదికొస్తే ముందు వైద్యం చేసి తర్వాత బిల్లు పంపుతారు. ఆగగలిగిన జబ్బయితే ముందే కట్టాలి. బిల్లు ఎగ్గొడితే మళ్లీ వీసా కష్టం. ఆ భయాన్ని పట్టుకుని కంపెనీలు బయల్దేరాయి. చర్చి నుంచి బయటికొస్తే చాలు, చేతిలో ఒక కరపత్రం పెడతారు. చవక పాలసీ అంటారు, సన్నక్షరాలు చదివితే పాత జబ్బులకి పైసా ఇవ్వరు. షుగరూ బీపీ కూడా చూసే పాలసీలేమో కొండెక్కి కూర్చున్నాయి. నా సంగతి మరీ అన్యాయం. ఆ ఆస్పత్రిలోనే ఒళ్లు హూనం చేసుకుంటాను, పన్ను కడతాను, వీసా పొడిగించుకున్నప్పుడల్లా వైద్యం కోసమని మళ్లీ విడిగా కట్టాలి! యూనియన్ మీటింగులో లేచి అడిగేశాను. మళ్లీ అడుగుతాను కూడా.

మా చర్చిలో రూతమ్మ ఆంటీ ఉంది. వాళ్ల అత్తగారు షుగర్ లేదని రాసి వచ్చింది. కాలికి పుండు పడి ఆస్పత్రిలో చేరితే, కంపెనీవాళ్లు ఊళ్లో డాక్టరు దగ్గర్నుంచి పాత రిపోర్టులు తెప్పించుకుని పాలసీ మొత్తం రద్దు చేశారు. "నా వల్లే కదమ్మా మీకీ తిప్పలు" అంటూ ఆ పెద్దావిడ మంచం మీద ఏడుస్తుంటే నాకు నువ్వే కనిపించావు. భయమేసింది అక్కా.

నువ్వేమన్నావు? "సంఘం ముందు సాక్ష్యం చెప్పానే, ప్రభువు నా షుగర్ తీసేశాడని. ఇప్పుడు ఉందని ఏ మొహం పెట్టుకుని రాయను?" అన్నావు. నీ సాక్ష్యం అబద్ధమని నేననను. ఇక ఇన్సులిన్ అక్కర్లేదని డాక్టరన్న రోజు మనిద్దరం ఎంత ఏడ్చామో నాకూ గుర్తుంది. కానీ ఆ ఫారం అడిగేది నీ విశ్వాసం గురించి కాదు, మాత్రలు వాడుతున్నావా అని. పోయినసారి నేనొచ్చినప్పుడు బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే మాత్రల అట్ట తగిలింది, సగం వాడినది. బావగారిక్కూడా చెప్పకుండా మళ్లీ బియ్యం కప్పేశాను. మాత్ర మింగితే ప్రభువు చిన్నబుచ్చుకుంటాడా, పిచ్చిదానా?

"అయితే రానులే" అని నన్ను బెదిరించకు. నీ మరిది కూడా "ఆవిణ్ణెందుకు ఇబ్బంది పెడతావు, మనమే చూసుకుందాం" అన్నాడు. ససేమిరా అన్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నా బిడ్డకి నీళ్లు పోసేది నువ్వే, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. షుగర్‌కి కూడా వర్తించే పాలసీ నేనే వెతికి పట్టుకున్నాను. డాక్టరు చీటీ ఒకటి పంపించు చాలు. ఖర్చు సంగతి ఎత్తావంటే ఊరుకోను.

సంఘంలో ఎవరైనా నోరెత్తితే నా పేరు చెప్పు. పాస్టరుగారితో నేనే మాట్లాడతాను. ఆయనకీ పాస్టరమ్మగారికీ నా వందనాలు చెప్పు. కాన్పు క్షేమంగా జరగాలని ప్రార్థన చెయ్యి. నువ్వు చేస్తేనే నాకు ధైర్యం.

విమానమెక్కేటప్పుడు మాత్రలు హ్యాండ్‌బ్యాగులో పైనే పెట్టుకో, అందరికీ కనపడేలా. నా దగ్గర బియ్యం డబ్బాకి మూత లేదు.

నీ మొండి చెల్లెలు,
సునీత